వారమంతా ఉల్లికాడలు

దక్షిణ బస్తర్‌లోని తర్రెం బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉంది. అలాంటి చోటికి అమ్మకో నాన్నకో బదిలీ అయితే, మనకు కూరగాయలకు వారపు సంతే ఆధారం. తెచ్చిన ఆకుకూర రెండు రోజులకే వాడిపోతే మిగతా వారమంతా బంగాళాదుంపలే! అందుకే ఉల్లికాడలను నిలవ ఉంచే పద్ధతి మనం నేర్చుకోవాలి.

ఉల్లిగడ్డ ఊరకముందే లేతగా పీకిన మొక్కలే ఉల్లికాడలు. హిందీలో హరా ప్యాజ్ అంటారు. వంద గ్రాముల కాడల్లో సుమారు 90 గ్రాములు నీరే. శక్తి 32 కేలరీలు, విటమిన్ సి సుమారు 19 మిల్లీగ్రాములు. గాయమైతే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె కూడా బాగా ఉంటుంది. కంటికి మేలు చేసే బీటా కెరోటిన్ ఆకుపచ్చ భాగంలోనే ఎక్కువ. కాబట్టి తెల్లని భాగం తరిగి, పచ్చని కాడలు పారేయకూడదు.

నీరు ఎక్కువ కనుకే ఇవి త్వరగా వాడిపోతాయి. అలాగని తడిపి మూట కడితే కుళ్లుతాయి. పండిన ఆకులు తీసేసి, కడగకుండా పలుచని గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేకపోతే గ్లాసులో వేళ్లు మునిగేంత నీళ్లు పోసి, కాడలను అందులో నిలబెట్టి నీడన ఉంచాలి. నీళ్లు రోజూ మార్చాలి. వండేముందే కడిగి తరగాలి. వేడికి విటమిన్ సి తగ్గుతుంది కనుక పప్పులోనైనా, కోడిగుడ్డు పొరటులోనైనా దించేముందు వేస్తే మంచిది.

వేళ్లున్న మొదళ్లను రెండంగుళాలు మిగిల్చి కుండీలో నాటితే మళ్లీ కాడలు వస్తాయి. ఈలోగా బదిలీ వస్తే, కుండీని పక్కింటివారికి ఇచ్చి వెళ్దాం.