నవలారచన - కథకుని స్థానము

నవల వ్రాయదలచినవారు కథను, పాత్రలను, సన్నివేశములను గూర్చి చాలకాలము ఆలోచింతురు. కాని ఈ కథను చెప్పువాడెవడు, అతడెచ్చట నిలిచి చూచుచున్నాడు, అతనికెంత తెలియును అను ప్రశ్నలను తరచుగా వేసికొనరు. మొదటి నాలుగైదు ప్రకరణములలో ఈ లోపము కానరాదు. కథ నడిమికి వచ్చుసరికి, దాచవలసిన రహస్యము ముందే బయటపడుటయో, పాత్రకు తెలియరాని విషయము పాత్రనోట వెలువడుటయో సంభవించును. అప్పుడు ఒక వాక్యమును దిద్దిన చాలదు. గ్రంథమునంతయు తిరుగ వ్రాయవలసివచ్చును. ఎన్నియో నవలలు అసంపూర్ణముగా మిగిలిపోవుటకు ఇదియు నొక కారణము. కావున కథకుని స్థానమును నిర్ణయించుకొను విధమును, అందులకు తెలుగుభాష యొసగు సాధనములను ఇచ్చట వివరించెదను.

రచయిత వేరు, కథకుడు వేరు. రచయితకు కథ యంతయు తెలిసియుండును. కథకుడన్ననో, ఆ కథను చెప్పుటకై రచయిత నియమించిన వ్యక్తి. అతనికి రచయిత యిచ్చినంత జ్ఞానమే యుండును. అతడు కథలోని పాత్రయై ‘నేను’ అని చెప్పవచ్చును. ఒక పాత్రకు చేరువగా నిలిచి ఆ పాత్ర చూచినదానిని మాత్రమే చెప్పవచ్చును. లేదా అందరి మనస్సులలోను ప్రవేశింపగల సర్వజ్ఞుడు కావచ్చును. ఈ మూడింటిలో ఉత్తమ మిది, అధమ మిది యని చెప్పుటకు వీలులేదు. ప్రతిదానికి ఒక లాభమును, ఒక నష్టమును గలవు.

కందుకూరి వీరేశలింగముగారి రాజశేఖరచరిత్రము ఇందులకు చక్కని నిదర్శనము. 1878లో వివేకచంద్రికలో వెలువడనారంభించి, 1880లో గ్రంథరూపమును పొందిన ఈ నవలకు, గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’ ప్రేరణమన్న సంగతి సుప్రసిద్ధము. ఆంగ్లనవలలో మతాచార్యుడైన ప్రింరోజు తన కథను తానే చెప్పుకొనును. ఆ కుటుంబమునకు మిత్రుడైన బర్చెల్ నిజమునకు సర్ విలియం థార్న్‌హిల్ అను ధనికుడు. ఒకచోట ఆ ధనికుని కథను పరుల కథవలె చెప్పుచు, బర్చెల్ తొట్రుపడి ‘అతడు’ అనవలసినచోట ‘నేను’ అనును. ప్రింరోజు ఆ మాటను విన్నది విన్నట్లు వ్రాయునేగాని దాని యర్థమును గ్రహింపడు. శ్రద్ధగల పాఠకుడు గ్రహించును. కథకుని అమాయకత్వమే ఇచ్చట రచయితకు సాధనమైనది.

వీరేశలింగముగారు ఈ పద్ధతిని గ్రహింపక, ప్రథమపురుషలో కథ నడిపిరి. ఇచ్చటను రామరాజను పేర మారువేషమున తిరుగువాడు పెద్దాపురపు ప్రభువగు కృష్ణజగపతి. కాని ప్రింరోజునకు నిజము తెలియకపోవుట సహజము. వెలుపలి కథకునకు తెలియకపోవుటకు హేతువు లేదు. కావున అట్టి కథకుడు రాజశేఖరునకు కనిపించినంత మేరకే ఆ పాత్రను చూపి, రహస్యమును నిలుపవలసియుండును. ఇది ఈ మార్గమునందలి కష్టము. లాభమో, సంస్కరణాభిలాషియైన రచయితకు మిక్కిలి తగినది. స్వర్ణము చేసియిత్తునను బైరాగిని రాజశేఖరుడు నమ్మును. కథకుడు వెలుపల నిలిచినందున, అతడు నమ్మినదానిని పాఠకుడు నమ్మకుండునట్లు చూపుట సాధ్యమైనది.

ఉత్తమపురుష కథనమునకు తెలుగులో ప్రసిద్ధోదాహరణము మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము. దాని ప్రథమభాగము 1924లో వెలువడినది. మొగలితుర్రునుండి ఇంగ్లండునకు బయలుదేరిన పార్వతీశము తన ప్రయాణమును తానే చెప్పును. తాను చేయు పనులలో హాస్యమున్నదని ఆ సమయమున అతనికి తెలియదు. కనుకనే మనకు నవ్వు వచ్చును. ఆ కథనే వేరొకడు చెప్పినచో, పల్లెటూరివానిని ఎగతాళి చేసినట్లయి, అతనియందు మనకు గల ప్రేమ తగ్గిపోవును.

ఇక తెలుగుభాష విషయము. ఆంగ్లమున ప్రథమపురుష సర్వనామమునందు గౌరవభేదము లేదు. తెలుగులో వాడు, అతడు, ఆయన, వారు అనువానిలో దేనిని గ్రహించినను కథకుడు ఆ పాత్రకు ఎంతదూరమున నిలిచెనో తెలిసిపోవును. ‘ఆయన’ అను కథకుడు వయస్సునకో, హోదాకో లోబడి చూచుచున్నాడు. ‘వాడు’ అనువాడు చనువుతోనో, చులకనతోనో చూచుచున్నాడు. వీరేశలింగముగారి కథకుడు ‘రాజశేఖరుడుగారు’ అనును. ఇరుగుపొరుగువాని మర్యాద ఆ ‘గారు’ అను మాటలో నున్నది. ఆ మర్యాద చాటుననే మందహాసమును గలదు. ఒక ప్రకరణమున ‘ఆయన’, మరొక ప్రకరణమున ‘అతడు’ అని కారణము లేక వ్రాసినచో, పాఠకుడు కథకుని నమ్ముట మానును.

అట్లే, ‘మా ఊరు’ అన్నచో పాఠకుడు పరాయివాడగును; ‘మన ఊరు’ అన్నచో అతడును అచ్చటివాడే. ‘వచ్చెను’ అన్నచో కథకుడు సాక్షి. ‘వచ్చెనట’ అన్నచో విన్నవాడు. ఈ ‘అట’ అను చిన్నమాట పరిమితజ్ఞానముగల కథకునకు గొప్ప యూతకోల. తాను చూడని సంగతిని చెప్పుటకు అతనికి వేరొక ప్రకరణ మక్కరలేదు.

ఈ చర్చవలన క్రొత్తరచయితలు ఆచరింపదగిన నియమములు నాలుగు తేలుచున్నవి. మొదటిది: వ్రాయ నారంభించుటకు ముందు, కథకునకు తెలిసినవానిని, తెలియనివానిని రెండు పట్టికలుగా వ్రాసికొనవలెను. రెండవ పట్టిక చిన్నదైనచో, కథలో దాగు రహస్యములును కొలదిగనే యుండునని యెరుంగవలెను. రెండవది: మొదటి ప్రకరణమును ‘నేను’ అనియొకసారి, ‘అతడు’ అనియొకసారి వ్రాసి పోల్చవలెను. ఏ ప్రతిలో అనవసరవాక్యములు తమంతట తాము జారిపోవునో, అది ఆ కథకు తగినది. మూడవది: ప్రతి పుటను చదువుచు ‘ఇది ఇతనికెట్లు తెలిసినది?’ అని ప్రశ్నింపవలెను. సమాధానము లేని వాక్యమును, అది యెంత యందమైనదైనను, తొలగింపవలెను. నాలుగవది: కథకుని స్థానమును మార్చక తప్పనిచో, ప్రకరణాంతమున మార్చవలెనుగాని వాక్యమధ్యమున మార్చరాదు.

స్థానము ఇరుకైనచో నవల చిన్నదగునని భయపడ నవసరములేదు. 1934నాటి వేయిపడగలులో విశ్వనాథ సత్యనారాయణగారు సుబ్బన్నపేట యను గ్రామము యొక్క జీవితమునంతయు చూపదలచిరి. దానికి విశాలదృష్టిగల కథకుడే కావలెను. 1969లో గ్రంథముగా వెలువడిన అంపశయ్యలో నవీన్‌గారు ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి గడిపిన ఒక్కదినమును, అతని మనస్సులో నిలిచియే చూపిరి. మొదటిదానికి ఊరంత చోటు వలసినది. రెండవదానికి ఒక తలయంత చోటు చాలినది. రెండును నవలలే. కథకు ఎంతచోటు వలయునో ముందు తెలిసికొని, కథకుని అచ్చట నిలిపి, తుదివరకు కదలనీయకుండుట రచయిత మొదటి పని. కథ యందలి తక్కిన పనులన్నియు దాని తరువాతివే.