పాత పికప్ వాహనంలో ఇంజిన్ అతితాపం: కారణ నిర్ధారణ క్రమం

వ్యాస సంగ్రహం:
ఇంజిన్ అతిగా వేడెక్కడం ఒక లక్షణమే తప్ప, అదే దోషం కాదు. ఒకే లక్షణానికి పలు కారణాలు ఉండటం వల్ల పాత వాహనాల మరమ్మతులో ఊహను నమ్మి భాగాలు మార్చే అలవాటు కనిపిస్తుంది. వేడి ఏ పరిస్థితిలో పెరుగుతోందో ముందుగా గుర్తించి, సులభమైన పరీక్షల నుండి కష్టమైన పరీక్షలకు సాగితే అసలు కారణం తేలుతుందని ఈ వ్యాసం వివరిస్తుంది. తర్కశాస్త్రంలోని వ్యాప్తి, ఉపాధి, అన్వయ-వ్యతిరేక భావనలు ఈ క్రమాన్ని స్పష్టపరచడానికి తోడ్పడతాయి.

కీలక పదాలు: అతితాపం, శీతలీకరణ, రేడియేటర్, థర్మోస్టాట్, హెడ్ గ్యాస్కెట్, వ్యాప్తి, ఉపాధి.

1. ఉపోద్ఘాతం:
మదనపల్లె వంటి టమాటా మార్కెట్లకు పల్లెల నుండి సరుకు చేరవేసే వాహనాలలో పాత డీజిల్ పికప్‌లూ ఉంటాయి. మే నెల ఎండలో, నిండు బరువుతో, కడప–రాయచోటి మార్గంలోని గువ్వలచెరువు ఘాట్ వంటి ఎత్తుదారి ఎక్కేటప్పుడు వాటి శీతలీకరణ వ్యవస్థలోని బలహీనత బయటపడుతుంది. టమాటా నిల్వ ఉండే సరుకు కాదు. బండి ఆగిన రోజు యజమానికి బాడుగ పోతుంది, రైతుకు ధర పోతుంది. ఈ తొందరలో "హెడ్ గ్యాస్కెట్ పోయింది" అని తేల్చి ఇంజిన్ విప్పితే, రేడియేటర్ మూత మారిస్తే తీరే సమస్యకు పెద్ద ఖర్చు తప్పదు. మరోవైపు, వేడిని లెక్కచేయక నడిపితే సిలిండర్ హెడ్ వంకరపోయి చిన్న దోషం పెద్దదవుతుంది. కాబట్టి నిర్ధారణలోని కచ్చితత్వం జీవనోపాధికి సంబంధించిన విషయం.

2. శీతలీకరణ వ్యవస్థ పనితీరు:
ఇంధనం మండగా వెలువడే శక్తిలో స్థూలంగా మూడో వంతు మాత్రమే చక్రాలను నడిపే పనికి ఉపయోగపడుతుంది. మరో మూడో వంతు పొగగొట్టం ద్వారా పోతుంది. మిగిలినదానిలో అధిక భాగాన్ని శీతలద్రవం, అంటే కూలెంట్, మోసుకుపోవాలి. వాటర్ పంపు ఈ ద్రవాన్ని ఇంజిన్‌లో తిప్పుతుంది. అనేక ఇంజిన్లలో దాదాపు 82 డిగ్రీల సెల్సియస్ వద్ద థర్మోస్టాట్ తెరుచుకొని ద్రవాన్ని రేడియేటర్‌కు పంపుతుంది. అక్కడ ఫ్యాన్ లాగే గాలి, బండి వేగం వల్ల వచ్చే గాలి దానిని చల్లబరుస్తాయి.

రేడియేటర్ మూత పాత్ర తరచు విస్మరణకు గురవుతుంది. అది వ్యవస్థలో వాతావరణ పీడనం కంటే సుమారు 1 బార్ అధిక ఒత్తిడిని నిలిపి ఉంచితే, నీరు 100 డిగ్రీలకు బదులు 120 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూత రబ్బరు అరిగితే ఈ రక్షణ పోతుంది. వేడి ఇంజిన్ మూత తీయడం ప్రమాదకరం కావడానికి కారణమూ ఇదే: ఒత్తిడి ఒక్కసారిగా తగ్గగానే లోపలి ద్రవం ఆవిరిగా మారి ఎగజిమ్ముతుంది.

దీనిని బట్టి అతితాపానికి మూలాలు ఐదు: ద్రవం తగ్గడం, ఒత్తిడి నిలవకపోవడం, ప్రసరణ కుంటుపడటం, గాలి చాలకపోవడం, వేడి మితిమీరి పుట్టడం.

3. లక్షణాల అనిశ్చితి:
పొగను చూసి నిప్పును ఊహించడం తర్కశాస్త్రంలో ప్రసిద్ధమైన అనుమానం. దానిని తలకిందులు చేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుందంటే అది నిలవదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగకు తడి కట్టె అనే ఉపాధి కావాలి. అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవారికి ఇది సుపరిచితమే.

ఇంజిన్ లక్షణాల విషయంలోనూ ఇటువంటి జాగ్రత్త అవసరం. ముల్లు ఎర్రగీతను తాకినంత మాత్రాన ఇంజిన్ వేడెక్కిందని చెప్పలేము. అనేక పాత బండ్లలో సెన్సర్ తీగ తెగి ఇంజిన్ లోహానికి తగిలినా ముల్లు పైకి పోతుంది. ద్రవం బాగా తగ్గి సెన్సర్ ఆవిరిలో మిగిలితే, ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందనే ఉండవచ్చు. తెల్లని పొగ హెడ్ గ్యాస్కెట్ దోషాన్ని సూచించవచ్చు, చలి ఉదయం గొట్టంలో పేరుకున్న తేమనూ సూచించవచ్చు. ఆయిల్ మూత కింది పాలనురుగు వంటి పొర ఆయిల్‌లో నీరు కలిసిన గుర్తు కావచ్చు, కొద్ది దూరాలు మాత్రమే తిరిగే బండిలో పేరుకున్న తేమ కావచ్చు. ఏ ఒక్క లక్షణానికీ ఏ ఒక్క కారణంతోనూ తిరుగులేని వ్యాప్తి లేదు. అందువల్ల "వేడెక్కుతోందా?" అనే ప్రశ్న కంటే "ఎప్పుడు వేడెక్కుతోంది?" అనే ప్రశ్న విలువైనది.

4. నిర్ధారణ క్రమం:
4.1 కొలత: మొదట ముల్లు చెప్పినది నిజమో కాదో తేల్చాలి. పరారుణ థర్మామీటరుతో థర్మోస్టాట్ గూడు వద్ద వేడిని కొలవవచ్చు. మెరిసే అల్యూమినియం మీద ఈ సాధనం అసలు కంటే తక్కువ చూపుతుంది కాబట్టి, నల్లని టేపు అంటించి దానిపై కొలవాలి.

4.2 ద్రవం, ఒత్తిడి: ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాతే మూత తీసి మట్టం చూడాలి. చేతిపంపుతో మూతపై రాసి ఉన్న ఒత్తిడి వరకు వ్యవస్థను నింపినప్పుడు ముల్లు నిలిస్తే కారుడు లేనట్టే. ముల్లు పడిపోతూ ఉండి, బయట ఎక్కడా తడి కనిపించకపోతే ద్రవం లోపలికి కారుతున్నదని అనుమానించాలి. మూతను కూడా విడిగా పరీక్షించాలి.

4.3 సందర్భం: నిలిపి ఉంచినప్పుడు వేడెక్కి, రోడ్డుపై సాగగానే చల్లబడితే లోపం ఫ్యాన్ వైపు ఉంటుంది. బెల్టు వదులు కావడం, ఫ్యాన్ క్లచ్ జారడం దీనికి సాధారణ కారణాలు. నిలిపి ఉంచినప్పుడు బాగుండి, వేగంలో లేదా ఎత్తులో వేడెక్కితే రేడియేటర్ పూడుక, పంపు రెక్కల అరుగుదల, పీల్పుకు కింది హోస్ పైపు నొక్కుకుపోవడం వంటివి చూడాలి. స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే ఇంజిన్ కాగి, పై హోస్ పైపు మాత్రం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు. రేడియేటర్ ముఖమంతా థర్మామీటరుతో చూసినప్పుడు అక్కడక్కడ చల్లని మచ్చలు కనిపిస్తే ఆ గొట్టాలలో ప్రసరణ లేదని అర్థం.

4.4 అధికంగా పుట్టే వేడి: విడవని బ్రేకు, మితిమీరిన బరువు, ఆలస్యంగా జరిగే ఇంధన ఇంజెక్షన్ ఇంజిన్‌పై భారాన్ని గాని, ద్రవానికి చేరే వేడిని గాని పెంచుతాయి. బండి ఆపిన వెంటనే ఒక చక్రం డ్రమ్ము మిగిలినవాటి కంటే ఎక్కువ వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోందని గ్రహించాలి.

4.5 హెడ్ గ్యాస్కెట్: ఇది చివరి అనుమానం కావాలి. రేడియేటర్ మూతి వద్ద ఆవిరిని బ్రోమోథైమోల్ బ్లూ ద్రావణం గుండా పంపితే, దహన వాయువులోని కార్బన్ డయాక్సైడు ఆ నీలి రంగును పసుపుగా మారుస్తుంది. ఇంజిన్ విప్పకుండానే దోషాన్ని చూపే పరీక్ష ఇది.

ప్రతి మెట్టులోనూ అన్వయ-వ్యతిరేకాలు రెండూ చూడాలి. బెల్టు బిగిస్తే వేడి తగ్గాలి, మళ్ళీ వదులు చేస్తే పెరగాలి. ఒకేసారి మూడు భాగాలు మారిస్తే సమస్య తీరవచ్చు గాని కారణం తెలియదు.

5. రెండు అలవాట్ల పరిశీలన:
వేడి ప్రాంతాలలో థర్మోస్టాట్‌ను తీసివేయడం ఒక పరిష్కారంగా చలామణి అవుతోంది. అయితే కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. దానిని తీసివేస్తే బైపాస్ తెరిచే ఉండి, కొంత ద్రవం రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజిన్‌లోకి చేరుతుంది. ఫలితంగా తేలిక ప్రయాణంలో ఇంజిన్ అవసరమైన వేడిని అందుకోదు, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు అతిగా కాగుతుంది.

రెండవది, రేడియేటర్‌లో బోరు నీరు పోయడం. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు పెంకులా పేరుకొని గొట్టాలను ఇరుకు చేస్తాయి. ఆ పెంకుకు లోహంతో పోలిస్తే ఉష్ణవాహకత చాలా తక్కువ. దారిలో ప్రాణం నిలిపిన నీరే ఏళ్ల తరబడి కొనసాగితే రోగమవుతుంది. శుద్ధజలంతో కలిపిన కూలెంట్ దీనికి సరైన ప్రత్యామ్నాయం.

6. ముగింపు:
- అతితాపాన్ని లక్షణంగా గుర్తించి, అది కనిపించే పరిస్థితిని నమోదు చేయడం నిర్ధారణకు తొలి మెట్టు.
- కొలత, ద్రవమట్టం, ఒత్తిడి, గాలి, ప్రసరణ, వేడి పుట్టుక, హెడ్ గ్యాస్కెట్ అనే క్రమం తక్కువ ఖర్చు నుండి ఎక్కువ ఖర్చుకు సాగుతుంది.
- మార్చిన భాగం వల్లనే వేడి తగ్గిందని అన్వయ-వ్యతిరేకాలతో రుజువైనప్పుడే మరమ్మతు పూర్తయినట్టు.
- అనుభవజ్ఞుడైన మెకానిక్ బండి ముందు భాగం ఎత్తకముందే డ్రైవరును ప్రశ్నించడం కాలయాపన కాదు. ఉపాధిని వెదికే తార్కిక ప్రక్రియ అక్కడే మొదలవుతుంది.