ఉమ్మెత్త పుప్పొడి నుంచి మొక్కలు

వినాయక చవితి పత్రి కోసం తప్ప ఉమ్మెత్తను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మొక్కల ప్రజననంలో కొత్త దారి చూపిన ఒక భారతీయ పరిశోధన మాత్రం ఆ జాతి మొక్కపైనే జరిగింది. చేసింది శిప్రా గుహ, సతీష్ చంద్ర మహేశ్వరి. ఇద్దరూ ఢిల్లీ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగంలో చదువుకున్నవారే.

వారు వెతికింది ఒకటి, దొరికింది మరొకటి. క్షయకరణ విభజనను పరిశీలించడానికి డట్యూరా ఇన్నాక్సియా లేత పరాగకోశాలను పోషకాలు కలిపిన యానకంలో పెంచారు. కొన్ని వారాలకు వాటిలోంచి చిన్న చిన్న పిండాలు బయటికి వచ్చాయి. ఈ సంగతి 1964లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. కానీ అవి పరాగకోశం గోడ నుంచి పుట్టాయా, పుప్పొడి నుంచా? గోడ నుంచైతే అందులో పెద్ద విశేషం లేదు. పుప్పొడి రేణువులే విభజన చెంది పిండాలవుతున్నాయని 1966లో అదే పత్రికలో చూపారు. అసలు ఘనత ఈ నిర్ధారణదే.

మామూలు మొక్కలో 24 క్రోమోజోములుంటే, ఫలదీకరణ లేకుండా పుప్పొడి నుంచి ఎదిగిన ఈ ఏకస్థితిక మొక్కలో 12 మాత్రమే. జత లేదు కనుక ఏ లక్షణమూ మరుగున ఉండిపోదు. కాల్చిసిన్‌తో ఆ సంఖ్యను రెట్టింపు చేస్తే ఒక్క తరంలోనే శుద్ధ వంశక్రమం చేతికొస్తుంది. స్వపరాగ సంపర్కంతో అయితే అందుకు ఆరేడు తరాలు పడుతుంది. కొత్త వంగడం కోసం ఎదురుచూసే రైతుకు అవన్నీ పంట కాలాలే.

1968లో జపాన్ శాస్త్రవేత్తలు ఇదే పద్ధతిలో వరి మొక్కలు సాధించారు. శిప్రా తర్వాత జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.