వెన్నుపాము ఎక్కడ ముగుస్తుంది?

విద్యార్థులారా! వెన్నెముక లోపలి నాడీకుల్యలో వెన్నుపాము ఉంటుందని మీరు చదువుకున్నారు. మరి అది వెన్నెముక చివరిదాకా ఉంటుందా? ఉండదు. పెద్దవారిలో వెన్నెముక పొడవు సుమారు 70 సెంటీమీటర్లు, వెన్నుపాము పొడవు సుమారు 45 సెంటీమీటర్లు మాత్రమే. సాధారణంగా అది 1, 2 నడుము పూసల (కటి కశేరుకాల) మధ్యకు వచ్చేసరికి శంకువులా సన్నబడి ఆగిపోతుంది.

ఈ తేడా ఎలా వచ్చింది? గర్భస్థ శిశువులో మూడవ నెల వరకు రెండూ సమానంగానే ఉంటాయి. ఆ తరువాత వెన్నెముక త్వరగా పెరుగుతుంది, వెన్నుపాము వెనకబడుతుంది. దాని పై కొన మెదడుతో కలిసి ఉంది కనుక కింది కొన పూసలతో పోలిస్తే పైకి జరిగినట్లవుతుంది. కాని ప్రతి నాడీ తన పూసల సందు నుంచే బయటకు రావాలి. అందువల్ల కింది నాడుల మూలాలు వెన్నుపాము కొన దాటి, ద్రవంలో తేలుతూ కిందికి సాగుతాయి. ఆ కట్టకు 'గుర్రపు తోక' అని పేరు.

వెన్నుపాము కొనను కొలిచేదెలా? పూర్వం మృతదేహాలను కోసి చూసేవారు. ఇప్పుడు ఎం.ఆర్.ఐ. ఉంది. వెన్నును నడిమధ్య నిలువుగా చూపే చిత్రంలో కొన నుంచి పూసల వైపు అడ్డంగా ఒక గీత గీస్తారు. ఒక్కొక్క పూసను పై, మధ్య, కింది భాగాలుగా విభజించి, గీత ఏ భాగాన్ని లేదా ఏ రెండు పూసల మధ్య మెత్తటి బిళ్ళను తాకిందో నమోదు చేస్తారు. పూసలను మెడ నుంచి కిందికి లెక్కించడం మంచిది. ఎందుకంటే కొందరిలో ఐదవ నడుము పూస దిగువనున్న త్రికాస్థితో కలిసిపోయి ఉంటుంది.

1998లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 504 మంది పెద్దవారి ఎం.ఆర్.ఐ. చిత్రాలను ఇలా కొలిచారు. సగటున కొన మొదటి నడుము పూస కింది భాగం వద్ద ఉంది. కాని కొందరిలో అది పైన 12వ ఛాతీ పూస మధ్య భాగంలోనే ఆగింది, మరికొందరిలో కింద 3వ నడుము పూస పై భాగం దాకా దిగింది.

ఈ కొలత దేనికి? వెన్నులో మత్తుమందు ఇచ్చేటప్పుడు, పరీక్షకు ద్రవం తీసేటప్పుడు సూది వెన్నుపాముకు తగలరాదు. తగిలితే కాళ్ళ బలం, స్పర్శ దెబ్బతినవచ్చు. సగటును నమ్మి 2వ పూస కిందే సూది గుచ్చితే, కొన కిందికి దిగి ఉన్నవారికి ప్రమాదం. అందుకే పెద్దవారిలో 3, 4 పూసల మధ్య గాని, 4, 5 పూసల మధ్య గాని గుచ్చుతారు. అక్కడ నాడీమూలాలు సాధారణంగా సూదికి పక్కకు తొలగుతాయి. అంటే భద్రమైన చోటును నిర్ణయించేది సగటు కాదు, అందరికంటే కిందికి దిగిన కొన.

వైద్యుడు ఆ చోటును ఎలా గుర్తిస్తాడు? మీరే చూడండి. రెండు చేతులూ నడుము మీద పెట్టి తుంటి ఎముకల పై అంచులను తాకండి. వాటిని వెనుకవైపు కలిపే ఊహారేఖ సుమారుగా 4వ నడుము పూస మీదుగా పోతుంది. అయితే వేళ్ళతో వేసిన అంచనా ఒక పూస అటూ ఇటూ కావచ్చు. అందుకే సందేహం ఉన్నప్పుడు ఇంకా కింది సందునే ఎంచుకుంటారు.

ఆలోచించండి: ఐదవ నడుము పూస త్రికాస్థితో కలిసిపోయిన వ్యక్తిలో పూసలను కింది నుంచి లెక్కిస్తే, వెన్నుపాము కొన అసలు స్థాయి కంటే పైన ఉన్నట్లు తేలుతుందా, కిందనా?