టేకు పలక చిట్లకుండా గాడి తీయడమెలా?

సంగారెడ్డి: మా పెరట్లో పెరిగిన టేకు చెట్టును కొట్టించి, పలకలు కోయించి, ఏడాది పాటు నీడలో ఆరబెట్టాం. అల్మారా చేయించాలని మా ఆశ. అరలు కూర్చునే గాడులు తీయమని పటాన్‌చెరు దారిలోని ఒక దుకాణంలో ఇచ్చాం. తిరిగి తెచ్చుకునేటప్పుడు చూస్తే గాడి పొడవునా అంచులు ఎలుకలు కొరికినట్లున్నాయి. ఒక పలక చివర వేలెడు పెచ్చు ఎగిరిపోయింది. జిగురులో రంపపు పొట్టు కలిపి పూడ్చినా మచ్చ పోలేదు. కోసిన కుర్రవాడి కూలిలోనూ కోత పడిందని తర్వాత తెలిసింది. పలక మాది, కూలి అతనిది. ఇద్దరమూ నష్టపోయాం.

రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఆ తర్వాత 1970వ దశకంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చాక ఈ ప్రాంతంలో వడ్రంగం తీరు మారింది. బాడిస, ఉలి, చిత్రికలతో నేర్చుకున్న పని ఇప్పుడు చాలామట్టుకు కరెంటు మీద నడిచే బల్ల రంపం మీదికి వచ్చింది. పని వేగం పెరిగింది. దాంతో పాటు అంచులు చిట్లడమూ పెరిగింది.

ఎందుకు చిట్లుతుంది?

జొన్న చొప్ప కోసిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. చొప్పను పిడికిట పట్టి కొడవలి వేస్తే నున్నగా తెగుతుంది. పట్టు లేని దంటు కొడవలికి వంగి, చీలి, పీచులు పీచులుగా ఊడుతుంది. చెక్క కూడా అంతే. పీచుకు అడ్డంగా రంపం పోయినప్పుడు వెనుక ఆనుడు ఉన్న పీచు తెగుతుంది. ఆనుడు లేని చివరి పీచు తెగకుండా విరిగి లేస్తుంది. కాబట్టి అన్ని ఉపాయాల సారం ఒక్కటే: రంపపు పళ్లు బయటికి వచ్చే చోట చెక్కకు ఒక పిడికిలి పట్టు ఇవ్వాలి.

పళ్లు ఎటు వస్తున్నాయి?

బల్ల రంపం పళ్లు మన వైపున పైనుంచి కిందికి దిగుతాయి. అందువల్ల పలకను నిలువునా తెగ్గోసేటప్పుడు కింది ముఖం చిట్లుతుంది. మంచి ముఖం పైకి ఉంచాలి. చేత్తో పట్టుకుని కోసే గుండ్రంపు రంపం మిషన్‌లో పళ్లు కిందినుంచి పైకి లేస్తాయి. అక్కడ మంచి ముఖం కిందికి ఉండాలి. ఈ తేడా తెలియక ప్లైవుడ్ షీట్లు పాడుచేసుకునేవారు ఉన్నారు.

గాడి విషయంలో ఈ వీలు లేదు. గాడి తీసే ముఖమే బల్లకు ఆనాలి. అందుకే ఆనుడు మనమే కల్పించాలి.

చేయవలసినవి

మొదటిది, పలకను తోసే అడ్డకర్రకు ఒక పనికిరాని చెక్కముక్కను బిగించి, దాన్ని పలక వెనుక అంచుకు గట్టిగా ఆనించాలి. పళ్లు పలక దాటి ఆ ముక్కలోకి పోతాయి. పెచ్చు లేస్తే ఆ ముక్కకే లేస్తుంది.

రెండోది, బల్ల మీద బ్లేడు చుట్టూ ఉండే వెడల్పు సందును మూయాలి. ఆ సందు మూతకు సరిపడా ప్లైవుడ్ ముక్క కోసి, బ్లేడును పూర్తిగా దించి, ముక్కను అమర్చాలి. బ్లేడు దారికి పక్కగా అడ్డకర్ర వేసి బిగించాక, మిషన్ నడిపి బ్లేడును మెల్లగా పైకి లేపాలి. బ్లేడు మందమంత సందే మిగులుతుంది.

మూడోది, గాడి అంచుల గీతలను ముందుగా పదునైన కత్తితో లోతుగా గీయాలి. పై పీచు అక్కడే తెగిపోయి ఉంటుంది. చెక్క కొనను సన్నం చేసి బెజ్జంలో దించే అతుకులకూ ఇదే పద్ధతి. ప్లైవుడ్ అయితే గీత మీద కాగితపు టేపు అంటించడం మేలు.

నాలుగోది, ఒకేసారి పూర్తి లోతు కోయకుండా ముందు ఒక మిల్లీమీటరు లోతున ఒకసారి, తర్వాత పూర్తిగా మరోసారి కోయాలి.

అయిదోది బ్లేడు. 10 అంగుళాల బ్లేడులో 24 పళ్లది పీచు వెంట చీల్చడానికి. అడ్డకోతకు, ప్లైవుడ్‌కు 60 నుంచి 80 పళ్లది వాడాలి. మొద్దుబారినా, పళ్లకు జిగట పట్టినా ఏ బ్లేడూ నున్నగా కోయదు.

వరుస కూడా ముఖ్యమే. నాలుగు వైపులా అంచు కోత ఉంటే ముందు పీచుకు అడ్డంగా ఉన్న వైపులు కోయాలి. మూలలో లేచిన పెచ్చు తర్వాతి పీచు వెంట కోతలో పోతుంది. అలాగే పలకను కొంచెం వెడల్పుగా ఉంచి గాడి తీసి, ఆ తర్వాత అసలు కొలతకు చీలిస్తే చిట్లిన అంచు ఆ చీలికతో పోతుంది.

వేళ్లు జాగ్రత్త

గాడి తీయడానికి చాలా మిషన్లలో బ్లేడు మీది కవచాన్ని విప్పాల్సి వస్తుంది. పని కాగానే దాన్ని తిరిగి బిగించనివారే ఎక్కువ. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. పలక చివర చేత్తో తోయకుండా తోపుకర్ర వాడాలి. మెడలో తువ్వాలు, చేతికి గ్లౌజులు, వదులు చొక్కా ఉండకూడదు. బ్లేడుకు సరిగ్గా ఎదురుగా నిలబడకూడదు. చెక్క వెనక్కి ఎగిరితే నేరుగా పొట్టలోకి వస్తుంది.

పలకలు ఇచ్చే మనకూ ఒక బాధ్యత ఉంది. “సాయంత్రానికల్లా కావాలి” అని నెత్తిన కూర్చుంటే ఆనుడు ముక్క బిగించే తీరిక ఎవరికి ఉంటుంది? పలకలతో పాటు రెండు పనికిరాని ముక్కలు, ఒక పూట గడువు కూడా ఇచ్చి రావాలి. రెండోసారి మేము అలాగే చేశాం. గాడులు నున్నగా వచ్చాయి. చిట్లిన పాత పలక అల్మారాలో అడుగు అరగా ఉంది. పలక పోతే ఇలా ఎక్కడో సర్దుకోవచ్చు. వేలు పోతే ఏ వడ్రంగీ అతకలేడు.