గడి పెరిగినా కుట్టు పెరగదు

జంగారెడ్డిగూడెం లాంటి మెట్ట ఊళ్లలో బొంతకు గుడ్డ కొనక్కర్లేదు. లోపల పొరలుగా పాత నేత చీరలు, పైన టైలరు దగ్గర మిగిలిన రంగు ముక్కలు. వరసకు 3 చొప్పున 3 వరసలు కలిపి 12 అంగుళాల గడి కుట్టారనుకుందాం. ఒక్కో ముక్క 4 అంగుళాలు పైకి కనిపించాలి. నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి నాలుగున్నరకు కత్తిరించాలి. ఇదే గడిని 18 అంగుళాలు చేయాలంటే?

ఒకటిన్నర రెట్లేగా అని నాలుగున్నరను ఒకటిన్నరతో హెచ్చవేస్తే ఆరుముప్పావు వస్తుంది. కుట్టు మాత్రం ఎప్పటిలా పావు అంగుళమే తింటుంది. ముక్క 6¼, గడి 18¾ తేలుతాయి. వరసకు 4 గడులున్న బొంత 3 అంగుళాలు సాగిపోతుంది. ముందు కనిపించే 4ను 6 చేసుకుని, ఆ తర్వాతే కుట్టుకు అర అంగుళం కలపాలి. అంటే ఆరున్నర. నమూనాను జిరాక్స్‌లో పెంచాలన్నా, కుట్టు కలపని బొమ్మనే ఇవ్వాలి.

గడి పెంచితే గుడ్డ ఎక్కువ పడుతుందనుకుంటారు. 6 అడుగుల చదరపు బొంతకు చిన్న ముక్కలు 324 కావాలి, పెద్దవైతే 144 చాలు. మొదటిదానికి 6,561 చదరపు అంగుళాల గుడ్డ, రెండోదానికి 6,084. తేడా అంతా కుట్టు మడతల్లోకి పోయేదే. చేతికి పనీ తగ్గుతుంది.

ఇక ‘రెట్టింపు గడి’ అంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి. భుజం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలు. వైశాల్యమే రెట్టింపు కావాలంటే పాత గడికి మూల నుంచి మూలకు ఉన్న కొలతే కొత్త భుజం. యజ్ఞవేదికలు కట్టడానికి శుల్బసూత్రాలు చెప్పిన లెక్క ఇది. మన వైపు పెళ్లిళ్లలో ప్రవర చదివేటప్పుడు వినిపించే ఆ ఆపస్తంబుడి పేరు మీదా ఒక శుల్బసూత్రం ఉంది. భుజానికి దాని మూడోవంతు కలుపు, ఆ మూడోవంతులో నాలుగోవంతు కలుపు, ఈ చివర కలిపినదానిలో 34వ వంతు తీసెయ్యి అంటుంది. మన 12 అంగుళాల గడికి వేసి చూడండి: 12, 4, 1 కలిస్తే 17. తీసేయాల్సింది అంగుళంలో 34వ వంతు, ముప్పావు మిల్లీమీటరు. బొంతకు 17 అంగుళాలు బ్రహ్మాండంగా సరిపోతుంది. ఏ4 కాగితాన్ని ఏ3 చేసే జిరాక్స్ మిషన్ మీద కనిపించే 141 శాతం కూడా ఈ లెక్కే.

త్రికోణాలుంటే కాస్త చిక్కు. చదరాన్ని మూలగా కోసి రెండు త్రికోణాలు చేసేటప్పుడు ఏటవాలు అంచుకూ కుట్టు కావాలి కాబట్టి అర అంగుళం చాలదు, దాదాపు ⅞ అంగుళం కలపాలి. గడి ఎంత పెంచినా ఈ ⅞ మారదు.

బొంత మొత్తం మీద వేసే దారపు వరసల ఎడం కూడా అంతే. గడితో పాటు దాన్నీ పెంచితే, ఉతికినప్పుడు లోపలి చీరలు జారి ఒక మూలకు ముద్దకడతాయి.