నేరేడు గింజ మాహాత్మ్యము: అపోహలు, వాస్తవములు

ఆషాఢము ప్రవేశించి నరసరావుపేట తోపుడుబండ్లపై అల్లనేరేడు రాసులు వెలసినది మొదలు, ఆ పండు రుచిని గూర్చిన మాటకంటె, దాని గింజను ఎండబెట్టి పొడిచేసి ఒక మండలము పరగడుపున సేవించినచో షుగరు సమూలముగా పోవుననియు, ఇక మాత్రలతో పనియే యుండదనియు సాగు ప్రచారమే ఏటేట అధికమగుచున్నది. ఇటీవల దీనికొక విదేశీ అలంకారమును చేరినది: అమెరికావారు వేనోళ్ల పొగడు బ్లూబెర్రీ మన నేరేడేనట! మాచర్ల, గురజాల ప్రాంతములందు ఈ మాట నమ్మి మాత్రలు మానినవారు కనబడుచుండగా నవ్వి ఊరకుండుట తగదు.

ముందు చుట్టరికము సంగతి. బ్లూబెర్రీ ఎరికేసీ కుటుంబపు పొద; నేరేడు మిర్టేసీ కుటుంబపు మహావృక్షము, జామకును లవంగమునకును దాయాది. నేరేటిపండు కొరికిన ఒక్కటే పెద్ద గింజ తగులును; తోటలలో పెంచు బ్లూబెర్రీని కోసినచో పచ్చఛాయగల తెల్లని కండయు, అందు సన్నని విత్తనములనేకములును కనబడును. రెండింటికిని ఉమ్మడియైనది ఆంథోసయనిన్ అను వర్ణద్రవ్యము. అది వంకాయ తొక్కలోను కలదు. అయినను వంకాయను బ్లూబెర్రీ యని ఎవరును పిలుచుట లేదు.

ఇక గింజ. ఆయుర్వేదము దానిని మధుమేహ చికిత్సలో వాడినదనియు, ఎలుకలపై జరిగిన కొన్ని ప్రయోగములలో రక్తమందలి చక్కెర తగ్గినదనియు ఒప్పుకొనక తప్పదు. కాని ఎలుకకు తగ్గినదెల్ల మనిషికి తగ్గవలెనను నియమము లేదు. బ్రెజిల్ దేశమున నేరేడాకు కషాయమును గ్లిబెన్‌క్లమైడ్ అను షుగరు మాత్రతో సరిపోల్చి రోగులపై పరీక్షించి 2004లో ఫలితములు ప్రకటించిరి: మాత్ర పనిచేసినది, కషాయము చేయలేదు. అది ఆకు, మాది గింజ యందురా? సరియే, గింజపొడి మాత్రకు బదులు కాగలదని మనుష్యులలో నిరూపించిన పరీక్షను చూపుడు. షుగరుకు వైద్యులిచ్చు మెట్‌ఫార్మిన్ పుట్టుకకు మూలము గలేగా అను మొక్కయే. కనుక మూలికలపై వైద్యులకు పగ లేదు. మాత్రలో మందెంత యున్నదో తెలియును, చెంచాడు పొడిలో ఎంతయో అమ్మువానికిని తెలియదు.

మరి వాడినవారు గుణమిచ్చినదని ఏల చెప్పుదురు? పొడి మొదలుపెట్టినవాడు దానితోపాటే తీపి మానును, రాత్రి అన్నమునకు బదులు జొన్నసంగటి తినును, తెల్లవారి నడక సాగించును. సంఖ్య కొంత దిగగానే ఆ పుణ్యమంతయు గింజ ఖాతాలో జమపడును. మాత్ర మానిన మరునాడే బాధ కలుగదు. కీడు నెమ్మదిగా నరములలోనికి, కంటిలోనికి, మూత్రపిండములలోనికి పాకును. పాదమున స్పర్శ తగ్గినవాడు మిర్చికల్లములో చెప్పులు లేక తిరుగునప్పుడు తుమ్మముల్లు దిగినను ఎరుగడు. గుడ్డకు రసి అంటిన పిమ్మటగాని పుండు సంగతి తెలియదు. ఇన్సులినుపై బ్రతుకు టైప్-1 పిల్లలకు దానిని ఆపి పొడి పోయుట కొద్దిదినములలోనే ప్రాణాంతకము కావచ్చును.

నేరేడు తిన్న కడుపులోని వెంట్రుకలు కరగునట: కరగవు. బ్లూబెర్రీ తిన్న కళ్లద్దాలు పోవునట: పోవు. పిడుగురాళ్ల సున్నపునేలలో బ్లూబెర్రీ తోట వేసి కోట్లు గడింపవచ్చునట: ఉదజని సూచిక 4.5 నుండి 5.5 వరకుండు పుల్లనేలను కోరు ఆ పొద ఇచ్చట ఇనుమును గ్రహింపలేక ఆకులు పాలిపోయి ఎండును.

పండుగా బ్లూబెర్రీ మంచిదే, కాదనను. నూరు గ్రాములలో నీరు 84 గ్రాములు, చక్కెర 10, పీచు 2.4, సి విటమిను మాత్రము పది మిల్లీగ్రాములైన నిండదు. మన జామలో దానికి సుమారు ఇరువదింతలుండును, వెలయో చెప్పనక్కరలేదు. ప్యాకెట్లలో దొరకు ఎండు బ్లూబెర్రీలకు చక్కెర పట్టించుట పరిపాటి. షుగరున్నవారు పొట్లము వెనుక అచ్చువేసినది చదివి కొనవలెను. నేరేడు తినదలచినవారు గుప్పెడు తినుడు, రసము తీయక పండుగానే తినుడు, ఉప్పు అద్దుట తగ్గింపుడు. పొడిపై మమకారము చావనివారు వాడు సంగతి వైద్యునికి చెప్పి, మాత్ర మానక, మూడు నెలల సగటు తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకొనుడు. చేనికి పోవునప్పుడు చెప్పులు వేసికొని, రాత్రి పడుకొనుటకు ముందు అరికాళ్లు చూచుకొనుడు.